మనసు కుదిరిన ఫ్లాటు

రొట్టెలాయన ఇల్లు కొనబోతున్న సంగతి వీధిలో ఎవరికీ తెలియదు. తెలియకుండా ఉంచడానికి ఆయన పడిన పాట్లు చూస్తే, కొనడానికి వెళుతున్నాడో ఎవరింటికో కన్నం వేయడానికి వెళుతున్నాడో చెప్పడం కష్టం. ఆదివారం పొద్దున డ్యూటీ దిగి, చొక్కా మీది పిండి దులుపుకుని, ఇంటివైపు కాకుండా లైబ్రరీ వైపు తిరిగేవాడు. ఎవరైనా ఎదురైతే పేపరు చదవడానికని చెప్పేవాడు. ఆయన పేపరు చదవగా చూసినవాళ్ళు లేరు గనక నమ్మినవాళ్ళూ లేరు.

కుర్రతనం నుంచీ ఆయనది ఒకటే బేకరీ, ఒకటే రాత్రి పని. పిండి మూటలు ఎత్తి మిషన్లో పోయడం, కలిసిన పిండి తీసి ట్రేలకెత్తడం, ట్రేలు ఓవెన్లోకి తోయడం, ఊరు లేచేసరికి ఇంటికొచ్చి పడుకోవడం. ఇన్నేళ్ళకి కుడిభుజం అరిగిపోయింది. డాక్టరు ఆ చెయ్యి పట్టుకుని పైకెత్తబోతే ప్రాణం పోయినంత పనైంది. "ఇంకొన్నాళ్ళు మూటలెత్తావంటే నీ తల నువ్వు దువ్వుకోలేవు" అన్నాడు డాక్టరు. రొట్టెలాయనకి దువ్వుకోవడానికి తలమీద పెద్దగా మిగిలింది లేదు గానీ, ఆ రాత్రి మూట ఎత్తబోయి ఒకసారి ఆగాడు.

అప్పుడే ఈ ఆలోచన పుట్టింది. దాచుకున్న డబ్బంతా పెట్టి ఒక చిన్న ఫ్లాటు కొనాలి. తాముండటానికి కాదు, వాళ్ళకి మూడో అంతస్తులో రెండు గదుల అద్దె ఇల్లుంది, అది చాలు. కొన్నదాన్ని అద్దెకిచ్చి, భుజం మూలపడేలోపు ఆ అద్దె మీద బతకడం అలవాటు చేసుకోవాలి. ఇంతవరకూ బాగానే ఉంది. కొన్నది కలిసిరాకపోతే మాత్రం రెండోసారి సంపాదించడానికి ఆయన దగ్గర భుజం లేదు. ఈ ఒక్క మాటే పగలంతా చెవిలో జోరీగలా తిరిగేది.

అందుకే లైబ్రరీ మేడమీద ఆదివారం క్లాసులు. చెప్పే మాస్టారు ఒకప్పుడు బ్యాంకు తరఫున ఇళ్ళకి విలువ కట్టిన మనిషి. ఇల్లు కొని అద్దెకివ్వాలనుకునేవాళ్ళకి ఓనమాలు చెబుతానని బోర్డు మీద కాగితం అంటించాడు. ఈ సంగతి తెలిసి రొట్టెలాయన బావమరిది ఫోన్లో పడీపడీ నవ్వాడు. అతగాడికి రెండిళ్ళున్నాయి, రెండూ ఏ చదువూ లేకుండానే కొన్నాడు.

"ఇళ్ళు కొనడానికి కూడా క్లాసులేంటి బావా? మా అక్కని చేసుకునేముందు ఏ క్లాసుకెళ్ళావు?" అన్నాడు.

రొట్టెలాయన ఫోను పెట్టేశాడు. ఆ ప్రశ్నకి ఇప్పటికీ ఆయన దగ్గర జవాబు లేదు.

మాస్టారు చెప్పేది చాలావరకు తలకెక్కింది. అద్దె ఎంతొస్తుందన్నది లెక్క కాదు, మరమ్మతులూ పన్నులూ పోను ఎంత మిగులుతుందన్నది లెక్క. ఇల్లు ఏడాదంతా నిండి ఉంటుందనుకోవద్దు, ఖాళీగా పడి ఉండే నెలలు కూడా వేసుకోండి. కాగితాలు ఎవరి పేరున ఉన్నాయో, దాని మీద అప్పేమైనా ఉందో ముందు చూడండి. అన్నిటికన్నా ముఖ్యం, "చూడ్డానికి వెళ్ళేటప్పుడు మీ కళ్ళు ఇంట్లో వదిలిరండి, అందులో ఉండబోయేవాళ్ళ కళ్ళు పట్టుకెళ్ళండి" అనేవాడు.

ఇవన్నీ రొట్టెలాయన ఇంటికొచ్చి భార్యకి అప్పజెప్పేవాడు. ఆవిడ బట్టలు సరిచేసే పని చేస్తుంది. అంచులు మడవడం, నడుములు వదులు చేయడం, గుండీలు మార్చడం. పనంతా మెట్లమీద కూర్చునే. "అక్కడ వెలుతురు బాగుంటుంది" అంటుంది. మెట్లెక్కే వాళ్ళూ దిగే వాళ్ళూ ఆవిడ దారాల డబ్బాని దాటుకుంటూ, ఒక్కోసారి తన్నుకుంటూ వెళ్ళేవాళ్ళు. ఆవిడ దొర్లిపోయిన ఉండల్ని ఏరుకొచ్చి మళ్ళీ అక్కడే కూర్చునేది. మొగుడు చెప్పే పాఠాలు తలాడిస్తూ వినేది. పాఠం అవగానే ఆయన లోపలికెళ్ళి ఫ్యాను వేసుకుని పడుకునేవాడు.

ఆ ఫ్యాను సంగతి కూడా చెప్పాలి. బల్లమీద పెట్టే పాత ఫ్యాను, ముందు జాలీ సగం ఊడింది, రెక్క దేనికో రాసుకుంటూ తిరుగుతుంది. అది వేస్తే కింది అంతస్తులో మిల్లు పెట్టారేమో అనిపిస్తుంది. రొట్టెలాయనకి అది లేనిదే కంటిమీద కునుకు రాదు. చలికాలంలో కూడా దాని మొహం గోడవైపు తిప్పి మరీ వేసుకుంటాడు. గాలి కోసం కాదు మరి.

చూడ్డం మొదలుపెట్టాక అసలు కష్టం తెలిసింది. ఇళ్ళు చూపించే బ్రోకరుని అందరూ తాళాలాయన అంటారు. నడుముకి తాళాల గుత్తి కట్టుకుని తిరుగుతాడు, మనిషి కన్నా ముందు గలగల వినిపిస్తుంది. అతను చూపించిన మొదటి ఫ్లాటు శుభ్రంగానే ఉంది. కానీ తలుపు వేసి అతను ఫోన్ మాట్లాడటానికి బయటికెళ్ళగానే రొట్టెలాయనకి గుండె దడ మొదలైంది. ఆ ఖాళీ గదిలో నిలబడితే ఊపిరాడనట్టు, ఎవరో వెనక నుంచి చూస్తున్నట్టు ఉంది. ఏదో లోపముంది అనుకున్నాడు. వెతగ్గా వెతగ్గా గోడమూల చెమ్మ మరక దొరికింది. వద్దన్నాడు.

రెండోది నాలుగో అంతస్తు. కిటికీలు మూస్తే చీమ నడిచినా వినపడేంత నెమ్మది. అక్కడా అదే దడ. బాత్రూంలో నీళ్ళు సరిగా పోవడం లేదని కనిపెట్టి బయటపడ్డాడు. మూడోదాంట్లో కనిపెట్టడానికి ఏమీ దొరక్క, ఊరికే వద్దన్నాడు. కొళాయిలు తిప్పడం, గోడలు కొట్టి చూడటం, గూళ్ళలో తలపెట్టి వాసన చూడటం చూసి తాళాలాయనకి తల ప్రాణం తోకకొచ్చింది.

"మీరు కొనడానికొచ్చారా, పోస్టుమార్టానికొచ్చారా?" అన్నాడు.

రొట్టెలాయన మాత్రం లోలోపల కాస్త గర్వపడ్డాడు. చదువు వంటబట్టింది, లోపమున్న ఇంట్లో అడుగుపెట్టగానే ఒంటికే తెలిసిపోతోంది అనుకున్నాడు. రాత్రంతా మూటలెత్తుతూ, పగలంతా ఇళ్ళు వద్దంటూ గడిపాడు. భుజం మాత్రం ఎవరికోసమూ ఆగలేదు. ఒకరోజు ట్రే జారి రొట్టెలన్నీ నేలపాలయ్యాయి. బేకరీ ఓనరు తనే వంగి వాటిని ఏరడం మొదలుపెట్టాడు. తిట్టకపోవడానికే రొట్టెలాయనకి ఎక్కువ భయమేసింది.

ఆ వారం క్లాసులో నిద్రపోయాడు. తప్పు ఆయనదీ కాదు, మాస్టారిదీ కాదు, గది మూలనున్న ఎయిర్ కూలర్‌ది. అది గుర్రుమని తిరుగుతుంటే రాత్రంతా నిలబడ్డ మనిషి ఎంతసేపు ఆపుకుంటాడు? గోడకి చేరబడి కళ్ళు మూశాడు. ఎవరో కూలర్ ఆపారు. ఠక్కున మెలకువ వచ్చింది. మాస్టారు పుస్తకం మూస్తూ చివరి మాట చెబుతున్నాడు. "అందుకే చెబుతున్నాను, ఇల్లు మీకు మరీ నచ్చేసిందంటే అక్కడే ఎక్కువ భయపడండి."

అందరూ లేచిపోతున్నారు. ఎందుకు భయపడాలో ఆ ముందు గంటలో చెప్పే ఉంటాడు. అడుగుదామంటే, నిద్రపోయానని ఒప్పుకోవాలి. రొట్టెలాయన ఏదో బాగా అర్థమైనట్టు తలాడించి మెట్లు దిగాడు.

ఇంటికొచ్చి భార్యకి ఆ ఒక్క ముక్కా చెప్పాడు. ఆవిడ దారం పంటితో కొరికి, "నచ్చితే భయమెందుకండీ? నచ్చకపోతే కదా" అంది.

"అదే నాకూ అర్థం కాలేదు."

"మరి అడక్కపోయారా?"

"నువ్వొకదానివి. అన్నీ అడుగుతారా ఎవరైనా" అని లోపలికెళ్ళి ఫ్యాను వేసుకున్నాడు.

నాలుగో ఫ్లాటు చూడ్డానికి భార్యని కూడా తీసుకెళ్ళాడు. పాల కంపెనీ కొట్టు మీద మొదటి అంతస్తు. ఆదివారం కావడంతో కింద షట్టర్ దించి ఉంది. మెట్లెక్కుతూ మామూలుగానే దడకి సిద్ధపడ్డాడు. తాళాలాయన తలుపు తీశాడు. రొట్టెలాయన లోపల అడుగుపెట్టాడు.

దడ లేదు. కాసేపు నిలబడి దానికోసం చూశాడు, రాలేదు. ఛాతీ మీంచి ఏదో దించేసినట్టు హాయిగా ఉంది. కొత్తగా వేసిన రంగు, పెద్ద కిటికీ, ఎండ. వట్టి నేలమీద గోడకి వీపు ఆనించి కూర్చున్నాడు. భుజం నొప్పి కూడా తగ్గినట్టనిపించింది. ఒక ఆవులింత వచ్చింది, దాని వెనకే ఇంకోటి.

"ఏమోయ్, ఎలా ఉంది?" అన్నాడు.

ఆవిడ కిటికీ దగ్గర నిలబడి కణతలు నొక్కుకుంటోంది. "బాగానే ఉంది. తల పట్టేసిందండీ, త్వరగా వెళదామా?"

"ఎండన పడి వచ్చాం కదా. టీ తాగితే తగ్గుతుంది."

తాళాలాయన ఈ అదను కోసమే పుట్టినట్టు పక్కన కూర్చున్నాడు. ఓనరుకి డబ్బు తొందరగా కావాలి, అందుకే ఈ వరసలో ఉన్నవాటికన్నా తక్కువకి ఇస్తున్నాడు. కొన్ని నెలలుగా ఖాళీగా ఉన్న మాట నిజమే, రంగులు వేయించారు కదా. ఇంకో పార్టీ కూడా చూసి వెళ్ళింది. అరచేతిలో వైకుంఠం చూపించడమంటే అదే. అయినా రొట్టెలాయన తొందరపడలేదు. కాగితాలు తీసుకెళ్ళి మాస్టారికి చూపించాడు. పేరు సరిగ్గా ఉంది, అప్పులేదు. అద్దె లెక్కా కుదిరింది. "కాగితాల వరకూ బాగుంది" అన్నాడు మాస్టారు. ఆ "వరకూ" అన్న మాట మీద కాసేపు నిలబడి ఉంటే బాగుండేది, కానీ రొట్టెలాయన అప్పటికే మెట్లు దిగుతున్నాడు.

బుధవారం ఆ ఫ్లాటులోనే ఓనరుని కలిసి, అడ్వాన్సు చెక్కు ఇచ్చి, ఒప్పందం రాసుకోవాలి. మధ్యలో ఉన్న రోజులు రొట్టెలాయనకి నరకమే. ఫ్యాను ఎంత మొత్తుకున్నా నిద్ర రాలేదు. డబ్బంతా ఒక్క కాగితం ముక్కతో పోతుంది, మళ్ళీ రాదు. నచ్చితే భయపడమన్నాడు మాస్టారు. పక్కమీద పొర్లి పొర్లి చివరికి ఒక దారి కనిపెట్టాడు. ఇల్లు నచ్చింది. భయమూ వేస్తోంది. అంటే పాఠం పూర్తయినట్టే కదా. ఇంతకన్నా మంచి విద్యార్థి ఎక్కడుంటాడని తనకి తనే సర్దిచెప్పుకున్నాడు. పప్పులో కాలేసే ముందు మనిషికి తట్టే ఆలోచనలు ఎప్పుడూ ఇంత చక్కగానే ఉంటాయి.

బుధవారం దారంతా చెక్కు పుస్తకం ఉందో లేదోనని జేబు తడుముకుంటూనే వచ్చాడు. షట్టర్ ఈసారి తెరిచే ఉంది, ఇద్దరు ముగ్గురు పాల ప్యాకెట్లు కొనుక్కుంటున్నారు. మెట్లెక్కి తలుపు దాటగానే మళ్ళీ అదే మాయ. గుండె కుదుటపడింది. తాళాలాయన ఎక్కడినుంచో తెచ్చిన రెండు కుర్చీలు వేశాడు. ఓనరు దారిలో ఉన్నాడని, ఈలోగా చెక్కు రాసి ఉంచితే పని తేలికవుతుందని అన్నాడు.

రొట్టెలాయన చెక్కు పుస్తకం మోకాలి మీద పెట్టుకున్నాడు. భార్య పక్క కుర్చీలో కణతల మీద వేళ్ళు పెట్టుకుని కూర్చుంది. ఆయన ఓనరు పేరు రాశాడు. అక్షరాలు వణకలేదు. ఇంత స్థిరంగా తన చెయ్యి రాయడం చూసి తనకే ముచ్చటేసింది. కింది గీత మీదికి కలం జరిపాడు.

కలం ఆగిపోయింది.

ఏం జరిగిందో తెలియలేదు. గదిలో ఏదీ కదల్లేదు, ఎవరూ మాట్లాడలేదు. కానీ కూలర్ ఆగినప్పుడు క్లాసులో ఉలిక్కిపడ్డట్టే ఒళ్ళు జలదరించింది. వెంటనే ఛాతీ బిగుసుకుంది. ఊపిరాడటం లేదు. మొదటి ఫ్లాటులో వచ్చిన దడే, ఇప్పుడు రెట్టింపై వచ్చింది. గుండెకే ఏదో అయిందనుకుని భార్యవైపు తిరిగాడు.

ఆవిడ వేళ్ళు కణతల మీంచి దిగాయి. తల ఎత్తి, కళ్ళు మూసుకుని, "అమ్మయ్య" అంది.

"ఏమైంది?"

"ఏమోనండీ. ఉన్నట్టుండి ప్రాణానికి హాయిగా ఉంది."

తాళాలాయన స్విచ్చి నొక్కి చూసి, "కరెంటు పోయింది. ఇప్పుడే వచ్చేస్తుంది లెండి, మీరు రాసుకోండి" అన్నాడు.

రొట్టెలాయన రాయలేదు. ఒకే గదిలో, ఒకే క్షణంలో, తనకి ప్రాణం పోతున్నట్టుంటే ఆవిడకి ప్రాణం లేచొచ్చినట్టుంది. ఇది ఎలా కుదురుతుంది? లేచి వెళ్ళి మొన్న వీపు ఆనించిన గోడమీద అరచెయ్యి పెట్టాడు. గోడ మామూలు గోడలా ఉంది. చెయ్యి తీయకుండా అలాగే నిలబడ్డాడు. తాళాలాయన గుత్తిని ఒక చేతిలోంచి ఇంకో చేతిలోకి మార్చుకున్నాడు.

కరెంటు వచ్చింది. కింద ఎక్కడో దబ్బున చప్పుడు. అరచేతికింద గోడ సన్నగా అదరడం మొదలుపెట్టింది. ఆ అదురుతో పాటే ఒక గుర్రు. బేకరీలో పిండి మిషను పక్కన నిలబడితే పాదాల్లోంచి పైకొచ్చే గుర్రు అలాంటిదే. చూస్తుండగానే ఛాతీ వదులైంది, దడ తగ్గింది, ఆవులింత రాబోయింది. వెనక్కి తిరిగి చూశాడు. భార్య వేళ్ళు మళ్ళీ కణతల మీదికి వెళ్ళాయి.

అప్పుడు భయమేసింది రొట్టెలాయనకి. ఇన్నాళ్ళూ వేసింది భయమే కాదనిపించేంత భయం.

"కింద ఏముంది?" అని అడిగాడు.

"చూశారుగా, పాల కొట్టు."

"ఈ చప్పుడేంటి?"

"చప్పుడా?" అని తాళాలాయన కాస్త వింటున్నట్టు తల వంచాడు. "ఓ, అదా. వెనకాల పాలు పెట్టుకునే చల్లగది ఉంది. దాని మిషను. అలవాటైపోతుందండీ."

"కొట్టు మూసినప్పుడు?"

"పాలు చెడిపోవూ మరి? రాత్రీ పగలూ తిరగాల్సిందే."

"ఇదివరకు అద్దెకున్నవాళ్ళకి అలవాటైందా?"

"వాళ్ళకి ట్రాన్స్‌ఫరైంది."

"వాళ్ళకి ముందున్నవాళ్ళకి?"

తాళాలాయన ఓనరు వస్తున్నాడేమోనని గుమ్మంలోకి చూశాడు. గుత్తి కాస్త గలగలమంది.

రొట్టెలాయన సగం రాసిన చెక్కుని పుస్తకంలోంచి చింపి, మడిచి జేబులో పెట్టుకున్నాడు. "నన్నిక్కడ పడుకోమంటే హాయిగా పడుకుంటాను. కానీ ఇందులో ఉండేది నేను కాదు" అన్నాడు. మాస్టారు క్లాసులో ఏం చెప్పి ఉంటాడో నిద్రపోయిన ఆ గంటంతా ఇప్పుడు ఒక్కసారిగా విన్నట్టనిపించింది.

ఇద్దరూ ఇంటిదారి పట్టారు. డబ్బు దక్కింది, కానీ ఊపిరి పీల్చుకోవడానికి లేదు. ఈ రాత్రి మళ్ళీ మూటలెత్తాలి. వద్దన్న ఆ మూడు ఫ్లాట్లూ ఒక్కొక్కటే కళ్ళముందుకొచ్చాయి. అవి నిశ్శబ్దంగా ఉన్నందుకే కదా వద్దన్నాడు. చెమ్మ మరకకి సున్నం చాలు. మూడోదానికి అదీ అక్కర్లేదు. అవి ఇంకా ఉన్నాయో, ఎవరైనా పట్టుకుపోయారో. ఒంటికే తెలిసిపోతుందని మురిసిపోయిన ఒళ్ళు ఇన్నాళ్ళూ తననే మోసం చేసింది.

ఇల్లు చేరాక ఆవిడ అలవాటుగా దారాల డబ్బా, సగంలో ఉన్న ప్యాంటు తీసుకుని మెట్లవైపు వెళ్ళింది. "కాసేపు పడుకోండి, డ్యూటీకి వెళ్ళాలిగా" అంది.

ఆయన ఫ్యాను వేసి పక్కమీద వాలాడు. కిటికీలోంచి ఎండ గది సగం వరకూ పరుచుకుని ఉంది. తెరిచిన తలుపులోంచి మెట్లు కనిపిస్తున్నాయి. అక్కడ చీకటి. గోడకున్న బల్బు వెలిగించుకుని, దాని కిందకి ఒరిగి, కళ్ళు చికిలించి సూదిలో దారం ఎక్కిస్తోంది ఆవిడ. దారం పక్కకి పోయింది. మళ్ళీ ప్రయత్నించింది, మళ్ళీ పోయింది. ఏళ్ళ తరబడి అక్కడ వెలుతురు బాగుంటుందని చెబితే ఈయన నమ్మాడు. నమ్మడానికి కష్టపడలేదు కూడా, ఒక్కసారి లేచి చూసిందీ లేదు.

లేచి ఫ్యాను ఆపాడు.

నిశ్శబ్దం మీదపడింది. దడ మొదలైంది. పిడికిళ్ళు బిగించి మళ్ళీ పడుకున్నాడు. కొంచెంసేపటికి ఆవిడ సూది చేత్తో పట్టుకునే గుమ్మంలోకొచ్చింది.

"కరెంటు పోయిందా?"

"లేదు. ఆపాను."

"మరి మీకు నిద్రెలా పడుతుంది?"

"ఇన్నేళ్ళూ నువ్వెలా భరించావు?" అన్నాడు. "ఆ చప్పుడు నీకు పడదని ఒక్కసారైనా చెప్పలేదేం?"

ఆవిడ కాసేపు ఆలోచించింది. కోపం కాదు, నిజంగానే గుర్తు చేసుకుంటోంది.

"పెళ్ళయిన కొత్తలో ఒకసారి చెప్పానండీ" అంది. "మీరప్పటికే నిద్రపోయారు."

ఆవిడ బయటికెళ్ళి మెట్లమీద బల్బు ఆర్పేసి, డబ్బా తెచ్చుకుని, కిటికీ దగ్గర ఎండలో స్టూలు వేసుకుని కూర్చుంది. దారం మొదటిసారికే సూదిలోకి వెళ్ళింది. రొట్టెలాయన కళ్ళు తెరుచుకుని, గుండె కొట్టుకుంటుండగా, ఆవిడ కుట్టడం వింటూ పడుకున్నాడు.